నిమ్మకాయతో ఇంటి పనులు, అందం, చిట్కా వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ నిమ్మకాయ అంటే మన బజార్లో దొరికే పలచటి తొక్క కాయే. గూడూరు, ఏలూరు, తెనాలి, నకిరేకల్ వైపు నుంచి బస్తాల్లో వచ్చేది. అమెరికాలో, బ్రిటన్‌లో లెమన్ పేరుతో అమ్మే పొడుగాటి, మందపు తొక్క పసుపు పండు దీనికి చుట్టమే గానీ ఇది కాదు. అక్కడ ఉన్నవాళ్ళకు మన నిమ్మకాయే కావాలంటే కీ లైమ్ అని అడగాలి. శుభ్రం చేసే పనులకు మాత్రం రెండూ ఒకటే.

ఒక్క కాయ ఇన్ని పనులు చేస్తుందంటారు. అసలు అందులో ఏముంది?

ముఖ్యంగా సిట్రిక్ ఆమ్లం. రసంలో నూటికి సుమారు ఆరేడు పాళ్ళు అదే ఉంటుంది. పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) నిమ్మరసం 2, 3 మధ్య ఉంటుంది, అంటే బాగా ఘాటైన పులుపు. ఈ ఆమ్లాన్ని నిమ్మరసం నుంచి మొదట విడదీసింది షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త, 1784లో. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే తెల్లటి పలుకులు కూడా ఈ ఆమ్లమే. కాకపోతే దాన్ని ఇప్పుడు నిమ్మకాయల నుంచి తియ్యరు, చక్కెర ద్రావణంలో ఒక రకం బూజును పెంచి తయారు చేస్తారు.

నిమ్మకాయ చేసే మంచి, చెడు రెండూ చాలావరకు ఈ పులుపు నుంచే వస్తాయి. సున్నం, తుప్పు, చిలుము, నీచు వాసన దానికి లొంగుతాయి. నూనె జిడ్డుకు అది పెద్దగా పనికిరాదు, దానికి సబ్బే కావాలి. చర్మం, పళ్ళు, పాలరాయి మీద పోస్తే నష్టం మనకే.

పూజ సామాన్లు తోమడానికి చింతపండు మంచిదా, నిమ్మకాయా?

రెండూ ఆమ్లాలే కాబట్టి రెండూ పనిచేస్తాయి. బిందె, గంగాళం లాంటి పెద్ద వాటికి చింతపండే నయం. గుజ్జు అంటిపెట్టుకుని ఉంటుంది, ఖర్చూ తక్కువ. నగిషీలున్న హారతి పళ్ళెం, చిన్న విగ్రహాలు, గంటలకు నిమ్మకాయ మేలు. పలచటి రసం సందుల్లోకి పోతుంది, చింతపండు పీచులా చెక్కడాల్లో ఇరుక్కోదు.

కాయను అడ్డంగా కోసి, కోసిన వైపు మెత్తటి ఉప్పులో అద్ది, కొంచెం నొక్కుతూ రుద్దండి. రాగి మీద తేడా కళ్ళ ముందే కనిపిస్తుంది. గోధుమ రంగు పొర చెక్క కింద కరిగి మురికిగా జారిపోతుంది, వెనకే ఎర్రటి లోహం బయటపడుతుంది. పచ్చటి చిలుము ఉన్నచోట ఉప్పు కలిపిన రసం ఒకటి రెండు నిమిషాలు ఆననిచ్చి రుద్దాలి. ఇత్తడిని మాత్రం రసంలో నానబెట్టి మరిచిపోకూడదు. ఇత్తడిలో రాగితో పాటు జింకు ఉంటుంది. పులుపులో ఎక్కువసేపు ఉంటే జింకు ముందు కరిగిపోయి, సామాను పసుపు మెరుపు పోయి గులాబీ రంగుకు తిరుగుతుంది.

తోమిన వెంటనే మంచినీళ్ళతో కడిగి, పొడిబట్టతో తుడిచేయాలి. చాలామంది దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. తడి మీద వదిలేస్తే సాయంత్రానికి మళ్ళీ మచ్చలు తేలతాయి. షోకేసులో పెట్టే లక్క పూత, బంగారు పూత ఇత్తడి బొమ్మల మీద నిమ్మకాయ వాడొద్దు. రాగి సీసా లోపల నిమ్మతో కడగొచ్చు గానీ నిమ్మరసం పోసి నిలవ ఉంచి తాగకూడదు, రాగి కరిగి రసంలోకి దిగుతుంది.

వెండి కుందులకు, నగలకు?

వెండి నల్లబడేది గంధకం వల్ల. ఆ నలుపు నిమ్మరసానికి లొంగదు. ఒక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్ళు, వంటసోడా, ఉప్పు వేసి, వెండి ఆ రేకుకు తగిలేలా ఉంచితే నలుపు వదులుతుంది. ముత్యాల నగల దరిదాపులకు కూడా నిమ్మ రానివ్వకండి. ముత్యం సున్నపు పదార్థమే, పులుపు తగిలితే నిగనిగ పోతుంది, మళ్ళీ రాదు.

బాత్రూమ్ కుళాయిల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది. పోతుందా?

పోతుంది. నిమ్మకాయ నిజంగా రాణించే పని ఇదే. బోరు నీళ్ళలో కరిగి ఉన్న సున్నం నీరు ఆరిపోయాక పెచ్చులా మిగులుతుంది. పిండేసిన చెక్కను కుళాయి మూతికి తొడిగి పావుగంట ఉంచండి, తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. షవర్ తల విప్పి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో వేస్తే మూసుకుపోయిన రంధ్రాలు తెరుచుకుంటాయి. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున పేరుకున్న పొరకూ అంతే: నీళ్ళలో ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి మరిగించి, కాసేపు వదిలి పారబోసి, ఒకసారి ఉత్త నీళ్ళు మరిగించి పారబోయాలి. ఇలాంటి వాటికి తాజా నిమ్మకాయలు డజన్ల కొద్దీ పిండడం దండగ. నిమ్మ ఉప్పు చవక, గుజ్జు గొడవ కూడా ఉండదు.

ఇల్లు తుడిచే నీళ్ళలో నిమ్మరసం కలపమంటున్నారు, కలపొచ్చా?

ముందు మీ ఇంట్లో వేసిన బండ ఏదో చూడండి. తాండూరు, షాబాద్, కడప, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయే. పాలరాయీ ఆ జాతే. కుళాయి మీద సున్నాన్ని కరిగించిన పులుపు నేలను మాత్రం ఎందుకు వదులుతుంది? పాలిష్ పోయి, ఎంత తుడిచినా పోని మసక మచ్చలు పడతాయి. మొజాయిక్ నేల, సిమెంటు గచ్చు కూడా పులుపుకు తట్టుకోవు. విట్రిఫైడ్ టైల్స్ అయితే ఇబ్బంది లేదు. వంటింటి గట్టు గ్రానైట్ అయితే చాలావరకు తట్టుకుంటుంది, అయినా పులిహోర కలిపినప్పుడు ఒలికిన రసం అప్పుడే తుడిచేయడం మంచిది.

కుక్కర్ లోపల నల్లబడింది.

అల్యూమినియం కుక్కర్లో అడుగున నీళ్ళు పోసి గిన్నెలు పెట్టి వండితే ఆ నీటి గీత దాకా నల్లబడుతుంది. నీళ్ళలోని లవణాలు, క్షారం చేసే పని అది. ఆ గీత మునిగేదాకా నీళ్ళు పోసి, పిండేసిన నాలుగు నిమ్మ డిప్పలు వేసి, మూత పెట్టకుండా పది నిమిషాలు మరిగించండి. చాలావరకు తెల్లబడుతుంది. ఆ నీళ్ళు పారబోసేయాలి, రాత్రంతా ఉంచకూడదు. ఇకమీదట ఇడ్లీ పెట్టినా, గుడ్లు ఉడికించినా నీళ్ళలో ఒక డిప్ప పడేస్తే అసలు నల్లబడదు. చింతపండు రెబ్బ వేసినా అదే ఫలితం.

చేపలు కడిగాక చేతుల నీచు వాసన ఎన్నిసార్లు సబ్బేసినా పోదు. నిమ్మ రాస్తే పోవడానికి కారణం ఏమిటి?

సముద్రపు చేపల నీచు వాసన చాలావరకు ట్రైమిథైలమైన్ అనే పదార్థానిది. అది క్షార గుణం ఉన్నది, తేలిగ్గా గాలిలో కలిసి ముక్కుకు తగులుతుంది. పులుపు తగలగానే లవణంగా మారిపోతుంది. లవణం గాలిలోకి లేవదు, నీళ్ళతో కొట్టుకుపోతుంది. అంటే నిమ్మ ఇక్కడ వాసనను కప్పెయ్యడం లేదు, నిజంగానే తీసేస్తోంది. చెరువు చేపల్లో వచ్చే మట్టి వాసన వేరు, దానికి జియోస్మిన్ అనే పదార్థం కారణం. పులుపు దాన్నీ విరగ్గొడుతుంది. బొచ్చె చేప ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కడిగే అలవాటు, ఆపైన చింతపండు పులుసు పెట్టడం ఊరికే పుట్టిన పద్ధతులు కావు. చేతులతో పాటు కత్తిపీటకు, కటింగ్ బోర్డుకు కూడా చెక్కతో రుద్దండి. చేతి మీద గాయం ఉంటే మాత్రం మంట భరించాల్సిందే.

మైక్రోవేవ్, మిక్సీ జార్, ఫ్రిజ్?

మైక్రోవేవ్‌లో ఒక గిన్నెడు నీళ్ళలో నిమ్మ ముక్కలు వేసి మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, మరో ఐదు నిమిషాలు తలుపు తీయకుండా ఉంచి, తుడిచేయండి. పని చేసేది ప్రధానంగా ఆవిరే, నిమ్మ వాసనకు. మిక్సీ జార్లో రెండు డిప్పలు, కాసిని నీళ్ళు వేసి తిప్పితే అల్లం వెల్లుల్లి వాసన తగ్గుతుంది. ఫ్రిజ్‌లో కోసి పెట్టిన ముక్క వాసనలు పీల్చేస్తుందన్నది పెద్దగా నమ్మే మాట కాదు. కుళ్ళిన కూర ఎక్కడుందో వెతికి తీసెయ్యడమే మార్గం.

నిమ్మరసం, బేకింగ్ సోడా కలిపితే డబుల్ పవర్ అంటారు.

బుస్సున పొంగుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. కలిపితే ఒకదాన్ని ఒకటి చంపేసుకుంటాయి, చివరికి మిగిలేది ఉప్పునీళ్ళ లాంటి ద్రవం. సింకు గొట్టంలో ఆ పొంగు కాస్త మురికిని కదిలించవచ్చు, అంతే. విడివిడిగా వాడితేనే రెండింటికీ బలం.

బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రవాలతో మాత్రం నిమ్మను గానీ, నిమ్మ ఉప్పును గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ విషవాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

తెల్లచొక్కా మీద పసుపు మరక పడింది. నిమ్మ రాయనా?

రాస్తే మరక పోదు, రంగు మారుతుంది. పసుపు మరక మీద సబ్బు పడగానే ఎర్రబడడం చూసే ఉంటారు. సబ్బు క్షారం, క్షారంలో పసుపు ఎర్రబడుతుంది. ఎర్రనీళ్ళతో దిష్టి తీయడానికి పళ్ళెంలో పసుపు నీళ్ళకు సున్నం కలిపేదీ అందుకే. ఆ పళ్ళెంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్ళీ పచ్చటి పసుపు నీళ్ళయిపోతాయి. చొక్కా మీదా అంతే జరుగుతుంది. మరకను నిజంగా తీసేది ఎండ. ఉతికి, తడిగానే మంచి ఎండలో ఆరేస్తే రెండు మూడు ఉతుకుల్లో పసుపు వెలిసిపోతుంది.

కుంకుమ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఇంట్లో కుంకుమ చేసేవాళ్ళు పసుపు కొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికతో నానబెట్టి, ఆరబెట్టి దంచుతారు. పులుపు పసుపును పచ్చగా ఉంచాలి గదా, ఎరుపు ఎక్కడిదంటే వెలిగారంలోని బోరాన్ నుంచి. పులుపు సమక్షంలో అది పసుపులోని రంగుతో కలిసి ఎర్రటి సమ్మేళనంగా మారుతుంది. సున్నంతో వచ్చిన ఎరుపు నిమ్మ తగిలితే పోతుంది, ఈ ఎరుపు నిమ్మ సాయంతోనే వస్తుంది.

తుప్పు మరకలకు మాత్రం నిమ్మను నమ్మొచ్చు. తెల్లటి కాటన్ బట్ట మీద ఉప్పు చల్లి, నిమ్మరసం పిండి, ఎండలో పెట్టి, తర్వాత ఉతకండి. రంగు బట్టలకూ, పట్టుకూ ఈ ప్రయోగం వద్దు.

గోరింటాకు మీద నిమ్మరసం, పంచదార ఎందుకు చల్లుతారు?

గోరింట ఆకులోని రంగు పులుపులో మెల్లగా విడుదలై చర్మానికి పడుతుంది. అందుకే పొడిని నిమ్మరసంతో కలిపి కొన్ని గంటలు నానబెడతారు, ఆషాఢంలో పచ్చి ఆకు రుబ్బేటప్పుడు చింతపండు వేస్తారు. చేతికి పెట్టిన తర్వాత చల్లే నిమ్మరసం, పంచదార పని వేరు. కోన్ మెహందీ ఎండి రాలిపోకుండా, జిగటగా, తడిగా చేతినే పట్టుకుని ఉండేలా చేస్తాయి. ఎంత ఎక్కువసేపు ఉంటే అంత పండుతుంది. దూదితో అద్దితే చాలు, కారేలా పోస్తే డిజైన్ చెదిరిపోతుంది.

వంటలో రుచికి కాక వేరే ఏం పనికొస్తుంది?

చాలా వాటికి. బోరు నీళ్ళతో వండితే అన్నం పచ్చగా వస్తున్నప్పుడు ఎసట్లో అర చెంచా రసం వేయండి, మెతుకు తెల్లగా వస్తుంది. గులాబ్ జామ్ పాకంలో నాలుగు చుక్కలు పిండితే చక్కెర మళ్ళీ పలుకు కట్టదు. పులుపుకు చక్కెరలో కొంత భాగం గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది, అవి అడ్డం పడతాయి. కోసిన యాపిల్, అరటిపువ్వు నల్లబడకుండా నిమ్మ కలిపిన నీళ్ళలో వేయొచ్చు. లీటరు పాలు విరగ్గొట్టి పనీర్ చేయడానికి రెండు కాయల రసం సరిపోతుంది, పాలు పొంగాక మంట తగ్గించి కొంచెం కొంచెంగా పోయాలి. నిమ్మకాయ పులిహోరకు రసం ఎప్పుడూ పొయ్యి కట్టేశాకే. మంట మీద పోస్తే చేదెక్కుతుంది, సి విటమిన్ కూడా తగ్గిపోతుంది.

ముఖానికి నిమ్మరసం, శనగపిండి పెడితే రంగు వస్తామా?

నా సలహా ఒక్కటే, పెట్టకండి. చర్మం పీహెచ్ దాదాపు 5, నిమ్మరసానిది 2కు దగ్గర. రాయగానే చురుక్కుమనడం మురికి పోతున్న గుర్తు కాదు, చర్మం దెబ్బతింటున్న గుర్తు. అంతకన్నా పెద్ద చిక్కు ఎండ. నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు ఎర్రబడి, ఒక్కోసారి బొబ్బలెక్కి, ఆ తర్వాత వారాల తరబడి, నెలల తరబడి నల్లటి మచ్చ ఉండిపోతుంది. మన పలచతొక్క నిమ్మకు ఈ గుణం పసుపు లెమన్ కన్నా ఎక్కువే. తెల్లబడాలని రాసుకుని నల్లమచ్చలు తెచ్చుకోవడం అన్నమాట. ఎండలో కూర్చుని నిమ్మకాయలు పిండినా, షర్బత్ బండి నడిపేవాళ్ళకైనా చేతులకు ఇదే జరగొచ్చు. పని కాగానే సబ్బుతో కడుక్కోవాలి.

మోచేతులు, మెడ నలుపుకు?

మోచేతుల నలుపు రాపిడి వల్ల వచ్చేది. నిమ్మచెక్కతో ఇంకా రుద్దితే ఇంకా రాపిడి. రోజూ కొబ్బరినూనో, మాయిశ్చరైజరో రాయండి. మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్‌లా కనిపించే నలుపు అయితే అది మురికి కాదు. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. పిల్లల్ని స్నానం చేయించేటప్పుడు మెడ రుద్దీ రుద్దీ ఏడిపించే అమ్మానాన్నలు నిమ్మకాయ పక్కన పెట్టి, ఒకసారి డాక్టరుకు చూపించి షుగర్ పరీక్ష చేయించాలి.

చుండ్రుకు?

పెరుగులో చెంచాడు నిమ్మరసం కలిపి తలకు పట్టించి, పది నిమిషాల్లో కడిగేసి, అదీ ఎండలోకి వెళ్ళని రోజున చేస్తే పెద్ద హాని లేదు. పొట్టు తాత్కాలికంగా తగ్గినట్టుంటుంది. చుండ్రుకు అసలు కారణం నెత్తి మీద పెరిగే ఒక రకం ఈస్ట్. మందుల షాపులో దొరికే కీటోకొనజోల్ షాంపూ దాని మీద పనిచేస్తుంది, నిమ్మ పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. తల గోకి పుండ్లు పడి ఉంటే నిమ్మ అసలే వద్దు.

నిమ్మ, ఉప్పుతో పళ్ళు తోమితే తెల్లబడతాయా?

మొదట్లో తెల్లగానే కనిపిస్తాయి, పై పొర కరుగుతోంది కాబట్టి. పీహెచ్ 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది, కరిగిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు. నిమ్మరసం తాగాక కూడా వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి చేయండి.

పరగడుపున వేడినీళ్ళు, తేనె, నిమ్మరసం తాగితే కొవ్వు కరుగుతుందా?

కరగదు. పాలు, చక్కెర వేసిన కాఫీ మానేసి దీన్ని తాగితే ఆ మేరకు లాభం ఉంటుంది, తేనె రెండు చెంచాలు పోస్తే అదీ ఉండదు. గ్యాస్, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్ళకు పరగడుపున నిమ్మ మంట పెంచుతుంది. ఏడాది నిండని పిల్లలకు దగ్గుకని తేనె, నిమ్మరసం నాకించకండి, తేనె ఆ వయసులో ప్రమాదకరం.

కిడ్నీలో రాళ్ళున్నాయి. నిమ్మరసం కరిగిస్తుందా?

ఉన్న రాయిని కరిగించదు, కొత్తవి రాకుండా కొంత సాయపడుతుంది. నిమ్మలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుని రాయి కట్టకుండా చూస్తుంది. డాక్టర్లు కొందరికి పొటాషియం సిట్రేట్ మందు రాసేది ఆ సూత్రం మీదే. అయితే అసలు మందు నీళ్ళు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. నిమ్మరసంలో ఉప్పు దట్టించి తాగే అలవాటు రాళ్ళున్నవాళ్ళకు మంచిది కాదు.

రక్తం తక్కువగా ఉంది అన్నారు.

ఈ విషయంలో నిమ్మకాయ మంచి తోడు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము ఒంటికి తేలిగ్గా పట్టదు, సి విటమిన్ ఉంటే ఎక్కువ పడుతుంది. తోటకూర పప్పు మీద, అటుకుల ఉప్మా మీద తినబోయే ముందు అరచెక్క పిండుకోండి. టీ, కాఫీ దీనికి తిరగేసి పనిచేస్తాయి కాబట్టి భోజనానికి గంట దూరంలో పెట్టుకోవాలి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్ర మానొద్దు.

వేసవిలో నిమ్మరసం సరిపోతుందా, ఓఆర్‌ఎస్ కావాలా?

మామూలు దాహానికి ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసం చాలు. వాంతులు, విరేచనాలు అవుతుంటే కొలత ముఖ్యం. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో తలకొట్టి కొలిచి కలపాలి. నిమ్మరసం రుచికి పిండుకోవచ్చు. వడదెబ్బ తగిలి మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏదీ పోయకండి. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

బస్సు ప్రయాణంలో వాంతులకు నిమ్మకాయ వాసన చూడడం కొందరికి బాగానే ఉపశమనం ఇస్తుంది. హాని లేదు, ఒకటి సంచిలో వేసుకోండి.

కంట్లో, ముక్కులో వేసుకునే చిట్కాలు? తేలు కుడితే?

కంట్లో నిమ్మ చుక్క వేస్తే నల్లగుడ్డు మీది పొర కాలుతుంది. పొరపాటున పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా మంచినీళ్ళతో కడిగి కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ముక్కులో రసం వేసుకుంటే కరోనా పోతుందని 2021లో తెగ తిరిగిన మాట పచ్చి అబద్ధం. తేలు కుట్టినా, పాము కరిచినా నిమ్మకాయ రుద్దుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

లవంగాలు గుచ్చిన నిమ్మచెక్కకు దోమలు పోతాయా?

ఆ బల్ల మీద వాసన బాగుంటుంది, దోమలు పక్కనుంచి వచ్చి కుడతాయి. దోమల్ని తరిమే గుణం నిరూపణ అయింది లెమన్ యూకలిప్టస్ అనే చెట్టు నూనెకు. అది జామాయిల్ జాతి, నిమ్మ కాదు. పేరు చూసి చాలామంది పొరబడతారు.

గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల్లోంచి సి విటమిన్ ఆవిరై క్రిములను చంపుతుందట, నిజమేనా?

సి విటమిన్ అలా గాలిలోకి లేవదు. నమ్మకం ఉంటే కట్టుకోండి, దానికి దొంగ సైన్సు అక్కర్లేదు.

సెలవుల్లో పిల్లలతో ఏదైనా సరదా ప్రయోగం చెప్పండి.

నిమ్మరసంలో పుల్ల ముంచి కాగితం మీద రాసి ఆరనిచ్చి, ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే కనపడని అక్షరాలు గోధుమ రంగులో తేలతాయి. ఇంకొంచెం పెద్ద పిల్లలైతే ఒక కాయకు రాగి తీగ, జింకు పూత మేకు గుచ్చితే దాదాపు 0.9 వోల్టు వస్తుంది. మూడు నాలుగు కాయలు వరసగా కలిపితే చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. ఆ కాయలు మళ్ళీ వంటకు వాడకూడదు.

పిండేసిన డిప్పలు ఏం చెయ్యాలి?

సింకు రుద్దండి, కుక్కర్లో వేయండి, లేదా బయో ఎంజైమ్ చేసుకోండి: బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్ళు పది వంతులు, ప్లాస్టిక్ డబ్బాలో పైన ఖాళీ ఉంచి మూడు నెలలు. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వాలి, లేకపోతే డబ్బా పగులుతుంది. వడకట్టి నీళ్ళలో కలిపి టైల్స్ తుడుచుకోవచ్చు. ఫినాయిల్‌లా క్రిముల్ని చంపుతుందని అనుకోవద్దు, తాండూరు బండల మీద పోయొద్దు.

ధర దిగినప్పుడు ఎక్కువ కొంటే ఎలా నిల్వ చెయ్యాలి?

2022 ఏప్రిల్‌లో కాయ పది రూపాయలు పలికాక చాలామందికి ఈ ప్రశ్న వచ్చింది. బయట బుట్టలో వేస్తే వారంలో తొక్క గట్టిపడి ఎండిపోతాయి. తడి లేకుండా తుడిచి, గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు వారాలు నిలుస్తాయి. మచ్చ పడ్డ కాయను చూసిన రోజే తీసేయాలి. ఇంకా ఎక్కువ కాలానికైతే గింజలు లేకుండా పిండి, వడకట్టి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కల్ని కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక ముక్క ఒక గ్లాసు షర్బత్‌కు సరిపోతుంది. రసాన్ని మామూలు ఫ్రిజ్ అరలో సీసాలో ఉంచితే రెండు మూడు రోజుల్లో చేదెక్కుతుంది. పిండేటప్పుడు కూడా తొక్క తిరగబడేదాకా నొక్కకండి, ఆ చివరి చుక్కల్లోనే చేదు ఎక్కువ.